ఏ ఎండ మేలు, ఏ ఎండ కీడు? బయట గడిపే సమయం గురించి సిక్కోలు నుంచి ఒక వివరణ

మే నెలలో శ్రీకాకుళం జిల్లాలో ఒకే ఇంటికి రెండు సలహాలు వస్తుంటాయి. ఒళ్ళు నొప్పులని రక్తపరీక్ష చేయించుకున్న ఆవిడకు డాక్టరుగారు రిపోర్టు చూసి, "విటమిన్ డి బాగా తక్కువుందమ్మా, రోజూ కాసేపు ఎండలో ఉండండి" అంటారు. సాయంత్రానికి ఫోన్‌కు విపత్తుల నిర్వహణ సంస్థ మెసేజ్ వస్తుంది. రేపు మీ మండలంలో వడగాడ్పులు, పగటిపూట బయటికి రావద్దని. రెండూ నిజమే. ఎవరి మాట వినాలో తెలియక తికమకపడేది మాత్రం ఆవిడే. దీనికి తోడు పొద్దున్న ఆరింటి ఎండే అమృతమని ఒక వీడియో, మిట్టమధ్యాహ్నం తప్ప లాభం లేదని ఇంకో వీడియో.

ఈ చిక్కు ఎక్కడ వస్తుందంటే, బయట గడిపినప్పుడు ఒంటి మీద ఒకేసారి అయిదారు పనులు జరుగుతాయి. కంట్లోకి వెలుగు పడుతుంది. చర్మానికి అతినీలలోహిత కిరణాలు తగులుతాయి. కాళ్ళూ చేతులూ కదులుతాయి. చెట్టూ నీరూ చూసి మనసు కుదుటపడుతుంది. ఊపిరితిత్తుల్లోకి వేరే గాలి వెళుతుంది. వేడి కూడా ఎక్కుతుంది. వీటిలో ఒక్కోదానికి ఒక్కో వేళ ఉంది, ఒక్కో మోతాదు ఉంది. ఒకదానికి మంచి వేళ ఇంకోదానికి చెడ్డ వేళ కావచ్చు. అన్నిటినీ కలిపి "బయటికి వెళితే మంచిది" అనేస్తేనే గందరగోళం. విడదీసి చూస్తే చాలామటుకు తేలిపోతుంది.

లేత ఎండ చేసే పని కళ్ళ ద్వారా

ముందుగా వెలుగు. దీన్ని లక్స్ అనే ప్రమాణంలో కొలుస్తారు. ట్యూబ్‌లైటు వేసిన గదిలో 100 నుంచి 500 లక్స్ ఉంటుంది. అదే బయట, చెట్టు నీడలో నిలబడినా వేలల్లో ఉంటుంది. నేరుగా ఎండలో లక్ష దాకా పోతుంది. మన కన్ను ఎప్పటికప్పుడు సర్దుకుంటుంది కాబట్టి ఈ తేడా మనకు అంతగా తెలియదు. వందల రెట్లు తేడా ఉందంటే చాలామంది నమ్మరు.

కంటి వెనక ఉండే రెటీనాలో, చూపుతో సంబంధం లేకుండా కేవలం వెలుగు ఎంతుందో పసిగట్టే కణాలు కొన్ని ఉన్నాయి. 2002 ప్రాంతంలో శాస్త్రవేత్తలు వీటిని గుర్తించారు. ఇవి మెదడులోని గడియారానికి కబురు పంపుతాయి. పొద్దున్నే గట్టి వెలుగు పడితే ఆ గడియారం ముందుకు సర్దుకుంటుంది, రాత్రి నిద్ర వేళకు వస్తుంది. పగలంతా మసక గదిలో ఉండి రాత్రి ఫోన్ వెలుగులో గడిపితే ఇది తలకిందులవుతుంది.

అరసవల్లిలో ఏటా మార్చిలోనూ అక్టోబరులోనూ కొన్ని రోజులు ఉదయపు కిరణాలు స్వామి పాదాలను తాకుతాయి. ఆ దర్శనం కోసం తెల్లవారకముందే జనం బారులు తీరతారు. "ఆరోగ్యం భాస్కరాదిచ్ఛేత్" అని అక్కడ అందరి నోటా వినిపించే మాట. ఆ వేళ ఎండకు ఉన్న గుణం ఈ గడియారాన్ని సరిచేసే గుణం. చర్మం కిందకు వెళ్ళి ఎముకలకు పనికొచ్చే గుణం మాత్రం ఆ వేళ ఎండలో దాదాపు లేదు. ఎందుకో చూద్దాం.

విటమిన్ డి లెక్క నీడను చూసి వేసుకోవచ్చు

విటమిన్ డి తయారీకి ఎండ మొత్తం అక్కర్లేదు. అందులోని అతినీలలోహిత (యూవీ) కిరణాల్లో యూవీ-బి అనే చిన్న భాగం చాలు. అది చర్మంలో ఉండే ఒకరకం కొలెస్టరాల్ మీద పడి దాన్ని మారుస్తుంది. అలా పుట్టింది కాలేయానికి వెళ్ళి ఒకసారి, కిడ్నీకి వెళ్ళి ఇంకోసారి మారితేనే ఒంటికి పూర్తిగా పనికొచ్చే రూపం వస్తుంది. ఈ కిడ్నీ సంగతి గుర్తుంచుకోవాలి, మన జిల్లాలో దానికి వేరే అర్థం ఉంది.

యూవీ-బిని ఓజోన్ పొర చాలావరకు పీల్చేస్తుంది. సూర్యుడు కిందుగా ఉన్నప్పుడు కిరణం వాతావరణంలో ఏటవాలుగా, ఎక్కువ దూరం ప్రయాణిస్తుంది. నేలకు చేరేసరికి యూవీ-బి మిగలదు. సూర్యుడు పైకి వచ్చేకొద్దీ అందుతుంది. అందుకే ఒక తేలికైన కొలత వాడతారు. మన నీడ మన ఎత్తు కంటే పొట్టిగా ఉంటే యూవీ-బి బాగా అందుతున్నట్టు, పొడుగ్గా ఉంటే అంతంతమాత్రమే అన్నట్టు.

దీన్ని శ్రీకాకుళానికి వేసి చూద్దాం. ఊరు సుమారు 18.3 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. ఇక్కడ సూర్యుడు నడినెత్తికి చేరేది పన్నెండుకు ఓ పది నిమిషాల ముందే. మే నెల మధ్యలో ఉదయం ఏడింటికి అయిదడుగుల మనిషి నీడ పన్నెండడుగుల పైనే ఉంటుంది. కోడి రామ్మూర్తి స్టేడియంలో ఆ వేళ నడిచేవాళ్ళ నీడలు ఎంత సాగి ఉంటాయో చూస్తే తెలుస్తుంది. ఎనిమిది నలభై ప్రాంతానికి నీడ, ఎత్తు సమానమవుతాయి. పన్నెండు లోపు నీడ దాదాపు కాళ్ళ కిందకే వచ్చేస్తుంది. డిసెంబరు చివర్లో లెక్క వేరు. అప్పుడు నీడ పొట్టిగా ఉండేది పదకొండుకు కాస్త ముందు నుంచి ఒంటిగంట దాకా మాత్రమే.

అంటే మే నెలలో డి కోసం మిట్టమధ్యాహ్నం దాకా ఆగక్కర్లేదు. తొమ్మిది ప్రాంతంలో, వడగాడ్పులు మొదలవకముందే ఆ అవకాశం వచ్చేస్తుంది. డిసెంబరులో మధ్యాహ్నమే ఉండాలి, అప్పుడు ఆ ఎండ హాయిగానే ఉంటుంది. డాక్టరు మాటకూ ఫోన్ మెసేజ్‌కూ మధ్య కనిపించిన గొడవ ఇక్కడికి తీరిపోతుంది. నాకు అన్నిటికంటే ఉపయోగంగా అనిపించింది ఈ లెక్కే, ఎందుకంటే దీనికి యాప్ అక్కర్లేదు, గడియారం కూడా అక్కర్లేదు.

ఎన్ని నిమిషాలు అంటే అందరికీ ఒకే జవాబు లేదు. నల్లని చర్మంలో మెలనిన్ ఎక్కువ, అది యూవీని ఆపుతుంది, కాబట్టి తెల్లవాళ్ళకంటే మనకు ఎక్కువ సేపు కావాలి. వయసు మీద పడేకొద్దీ చర్మం తయారుచేసేది తగ్గుతుంది. మబ్బు, దుమ్ము, ఒంటి మీద బట్ట అన్నీ తగ్గించేవే. కిటికీ అద్దం యూవీ-బిని దాదాపుగా ఆపేస్తుంది, అద్దం వెనక కూర్చుని ఎండ కాగితే వేడి తప్ప డి రాదు.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. కొంతసేపయ్యాక చర్మం ఇక తయారుచేయదు. ఎక్కువైనదాన్ని ఎండే విరగ్గొట్టి పనికిరాని పదార్థంగా మార్చేస్తుంది. కాబట్టి రోజంతా ఎండలో ఉన్నా డి రోజంతా పెరుగుతూ పోదు. లాభం ఒక చోట ఆగిపోతుంది. కంటి శుక్లాలు, నల్లగుడ్డు మీదకు పాకే కండ, చర్మం ముడతలు లాంటి నష్టాలు మాత్రం పేరుకుంటూనే ఉంటాయి.

ఎండకు కొదవలేని దేశంలో ఈ లోటు ఎందుకు? తిరుపతిలోనూ చుట్టుపక్కల పల్లెల్లోనూ చేసిన ఒక పరిశీలన 2007లో అచ్చయింది. పట్నంవాళ్ళకంటే పల్లెవాళ్ళ రక్తంలో విటమిన్ డి ఎక్కువగానే ఉంది, అయినా లోటు రెండు చోట్లా కనిపించింది, ఆడవాళ్ళలో మరీను. తిండిలో కాల్షియం తక్కువ కావడం కూడా దీనికి తోడైందని ఆ పరిశీలకులు చెప్పారు. కాబట్టి ఎండ ఒక్కటే కథ కాదు.

అలాగని డి పెరిగితే రోగాలన్నీ పోతాయనుకోవడమూ పొరపాటే. డి తక్కువున్నవాళ్ళలో గుండెజబ్బు, కేన్సర్ ఎక్కువని చాలాకాలంగా గమనిస్తూ వచ్చారు. అమెరికాలో సుమారు 26 వేల మందిని తీసుకుని కొందరికి నిజం మాత్ర, కొందరికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చి ఏళ్ళ తరబడి చూశారు. 2018లో తేలిందేమిటంటే, డి మాత్ర వల్ల కొత్తగా వచ్చే కేన్సర్లు, గుండెపోట్లు తగ్గలేదు. ఆ మనుషుల్లో చాలామందికి అసలు లోటే లేదు కదా అనే వాదన ఉంది, అది న్యాయమైన వాదనే. అయినా ఒకటి ఆలోచించాలి. జబ్బుపడినవాళ్ళు బయటికి వెళ్ళలేరు, కాబట్టి డి తగ్గుతుంది. తగ్గిన డి కొన్నిసార్లు జబ్బుకు కారణం కాదు, జబ్బు వల్ల వచ్చిన ఫలితం.

పిల్లల కళ్ళజోళ్ళకూ ఆటస్థలానికీ ఉన్న లంకె

బయట గడపడం మీద ఇప్పటిదాకా వచ్చిన రుజువుల్లో గట్టిది పిల్లల కళ్ళ గురించే. హ్రస్వదృష్టి అంటే దగ్గరవి కనబడతాయి, బోర్డు మీద అక్షరాలు కనబడవు. ఎదిగే వయసులో కనుగుడ్డు ఉండాల్సినదానికంటే పొడుగు సాగడం వల్ల ఇది వస్తుంది. గట్టి వెలుగు పడినప్పుడు రెటీనాలో డోపమైన్ అనే రసాయనం ఊరుతుంది, అది ఆ సాగుడును నెమ్మదింపజేస్తుందని ఎక్కువమంది నిపుణులు అనుకుంటున్నారు.

చైనాలోని గ్వాంగ్‌జౌలో ఒకటో తరగతి పిల్లలున్న బడుల్ని రెండు జట్లుగా చేశారు. ఒక జట్టుకు రోజూ 40 నిమిషాల బయటి పీరియడ్ అదనంగా పెట్టారు. మూడేళ్ళు తిరిగేసరికి మామూలు బడుల్లో 39.5 శాతం మందికి హ్రస్వదృష్టి వచ్చింది, బయట ఆడిన బడుల్లో 30.4 శాతానికి. 2015లో వచ్చిన ఈ ఫలితాన్ని ఎందుకు నమ్మొచ్చంటే, ఎవరు బయట ఆడాలో పిల్లలో తల్లిదండ్రులో నిర్ణయించుకోలేదు, లాటరీ పద్ధతిలో పంచారు. తైవాన్‌లో 2010 నుంచి బడిపిల్లలు రోజుకు రెండు గంటలు బయట ఉండాలని ప్రభుత్వమే చెబుతోంది.

ఇక్కడ కావాల్సింది వెలుగు, ఎండ కాదు. వేపచెట్టు నీడలో ఆడినా సరిపోతుంది. అంటే మన ఎండలకు భయపడే తల్లులకు ఇది మంచి కబురు. కాకపోతే ఇది జోడు రాకుండా ఆపడానికే. వచ్చిన పవరు పెరగకుండా ఆపుతుందనడానికి రుజువు బలహీనం, వచ్చిన జోడును పోగొట్టడమైతే లేనే లేదు.

ఇప్పుడు విజయనగరంలోనో శ్రీకాకుళంలోనో రెసిడెన్షియల్ కాలేజీలో చదివే ఒక ఇంటర్ పిల్లాణ్ణి తీసుకోండి. తెల్లారకుండానే స్టడీ అవర్, తరువాత క్లాసులు, రాత్రి మళ్ళీ స్టడీ అవర్. మెస్‌కు నడిచే నాలుగడుగులే వాడికి బయట. కంటికి వెలుగు లేదు, ఒంటికి కదలిక లేదు, నిద్రకు వేళ లేదు. మార్కుల టెన్షన్‌లో ఈ మూడూ ఎవరికీ కనిపించవు. పీటీ పీరియడ్‌ను లెక్కల మాస్టారు తీసేసుకోవడం మనకు అలవాటైపోయింది, కానీ పైన చెప్పిన లెక్కలు చూశాక అది నాకు చిన్న విషయంగా అనిపించడం లేదు.

పచ్చదనం గురించిన మాటలు ఎంతవరకు నమ్మాలి

చెట్ల మధ్య గడిపితే మనసు తేలికవుతుందని ఎవరికి వారికే తెలుసు. తేలినీలాపురంలో చింతచెట్ల మీద గూళ్ళు కట్టిన పెలికాన్లను చూస్తూ నిలబడ్డవాళ్ళకు ఎవరూ రుజువు చూపించక్కర్లేదు. అయితే అది ఆరోగ్యంగా మారుతుందా అన్నదే ప్రశ్న.

1984లో అమెరికా నుంచి వచ్చిన ఒక చిన్న పరిశీలనను ఈ విషయంలో అందరూ ఎత్తిచూపుతారు. పిత్తాశయం ఆపరేషన్ అయిన 46 మందిలో సగం మంది గది కిటికీలోంచి చెట్లు కనబడేవి, సగం మందికి ఇటుక గోడ. చెట్లు కనబడ్డవాళ్ళు కాస్త ముందే ఇంటికెళ్ళారు, గట్టి నొప్పి మందులు తక్కువ వాడారు. 2019లో ఇంగ్లండ్‌లో సుమారు 20 వేల మందిని అడిగి చూస్తే, వారానికి 120 నిమిషాలు పచ్చని చోట గడిపినవాళ్ళు తమ ఆరోగ్యం బాగుందని ఎక్కువగా చెప్పారు. ఒక్కసారే గడిపినా, విడతలుగా గడిపినా తేడా లేదు.

దీన్ని మెచ్చుకునేవాళ్ళూ ఉన్నారు, అనుమానించేవాళ్ళూ ఉన్నారు. అనుమానం సబబైనదే: ఆరోగ్యం బాగున్నవాడే కదా తోటకు వెళ్ళగలిగేది? తీరిక, డబ్బు ఉన్నవాడి ఇంటి పక్కనే కదా పార్కు ఉండేది? ఆ లెక్కలు కలిపి సరిచూశామని పరిశోధకులు అంటారు, కానీ పూర్తిగా సరిచూడటం కుదిరే పని కాదు. నా మట్టుకు నాకు తోచేది ఇది. కాసేపు మనసు నెమ్మదించడం, రక్తపోటు కొద్దిగా దిగడం నమ్మదగినవే. దీర్ఘకాలపు జబ్బుల్ని పచ్చదనం ఒక్కటే ఆపుతుందనడం మాత్రం ఇంకా తొందరపాటు. నడక సంగతి వేరు. వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు శ్రమ మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది, దానికి బోలెడంత రుజువు ఉంది, ఆ నడక పెద్ద చెరువు గట్టు మీదైనా డాబా మీదైనా ఫలితం ఫలితమే.

ఉద్దానం అడిగే ప్రశ్న

పచ్చదనమూ ఆరుబయటి బతుకే ఆరోగ్యమైతే, రాష్ట్రంలోకెల్లా ఆరోగ్యంగా ఉండాల్సిన నేల మన జిల్లాలోని ఉద్దానం. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస, ఇచ్ఛాపురం. కొబ్బరి, జీడి, పనస తోటలు, పక్కనే సముద్రం. జనం పొద్దు పొడవకముందే తోటలో ఉంటారు. అలాంటి చోట, షుగరు గానీ బీపీ గానీ లేనివాళ్ళకు కూడా కిడ్నీలు నెమ్మదిగా పాడవుతున్నాయి. లోపల జబ్బు ముదిరేదాకా బయటికి ఏమీ తెలియదు. కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే రక్తపరీక్షలో వినబడే క్రియాటినిన్ అనే మాట అక్కడ చదువురానివాళ్ళకు కూడా తెలుసు.

కారణం మీద ఏకాభిప్రాయం లేదు. ఒక వాదన వేడిది. ఎండలో గంటల తరబడి పని చేస్తే చెమటగా నీరు పోతుంది, రక్తం చిక్కబడుతుంది, కిడ్నీకి అందే రక్తం తగ్గుతుంది. ఒకరోజు జరిగితే కోలుకుంటుంది. రోజూ జరిగితే చిన్న చిన్న దెబ్బలు మానకుండా పేరుకుంటాయి. సాయంత్రం ఒళ్ళు నొప్పులకు మెడికల్ షాపులో అడిగి వేసుకునే నొప్పి మాత్ర దాని మీద ఇంకో దెబ్బ. మధ్య అమెరికాలో ఎల్ సాల్వడార్, నికరాగ్వా దేశాల చెరకు కూలీల్లోనూ అచ్చం ఇలాంటి జబ్బే ఉంది. అక్కడ నీళ్ళు, నీడ, మధ్యమధ్య విరామం కచ్చితంగా ఇచ్చినప్పుడు కూలీల కిడ్నీ దెబ్బలు తగ్గాయి.

ఎదుటి వాదనా బలమైనదే. కోస్తా అంతా ఎండే, మరి ఈ కొన్ని మండలాల్లోనే ఎందుకు? తోటపనికి వెళ్ళని వాళ్ళకూ ఎందుకు వస్తోంది? అందుకని భూగర్భ జలంలోని సిలికా, పురుగుమందులు, భార లోహాలు, వంశపారంపర్యం మీద అనుమానాలు ఉన్నాయి. ఒకటికి మించిన కారణాలు కలిసి పనిచేస్తున్నాయని చాలామంది అంటున్నారు. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో ప్రారంభమయ్యాయి. హిరమండలం నుంచి వంశధార నీటిని ఉద్దానానికి తెచ్చే పథకాన్నీ అప్పుడే మొదలుపెట్టారు. వేడి పూర్తి కారణమా కాదా అన్నది తేలకపోయినా, వేడి కిడ్నీకి మంచిది కాదన్నదాంట్లో ఎవరికీ భేదం లేదు.

తీరంలో వేడి ఎంత మోసం చేస్తుందో ఒక లెక్క చూడండి. ఒళ్ళు చల్లబడేది చెమట పోయడం వల్ల కాదు, ఆ చెమట ఆరడం వల్ల. పొడి ప్రాంతంలో 40 డిగ్రీలు, గాలిలో తేమ 20 శాతం ఉంటే ఒంటికి ఇంచుమించు 40లాగే ఉంటుంది. కళింగపట్నంలో 35 డిగ్రీలే ఉండి తేమ 70 శాతం ఉంటే ఒంటికి 50 డిగ్రీల లాగా ఉంటుంది, అదీ నీడలో. టీవీలో 35 చూసి ఫరవాలేదనుకునేది ఇక్కడే. 2015 మే వడగాడ్పుల్లో ఆంధ్రప్రదేశ్‌లో వెయ్యి మందికి పైగా చనిపోయారు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానంలో కొబ్బరి, జీడి చెట్లను పెద్ద ఎత్తున పడగొట్టింది. పంట నష్టం గురించే అందరూ మాట్లాడారు. ఆ చెట్లతో పాటు కూలీల నెత్తి మీద నీడా పోయింది.

ఇందాక గుర్తుంచుకోమన్నది ఇక్కడ పనికొస్తుంది. విటమిన్ డి చివరి మార్పు కిడ్నీలో జరగాలి. కిడ్నీ దెబ్బతిన్న మనిషి రోజంతా ఎండలో ఉన్నా ఆ మార్పు సరిగా జరగదు. వాళ్ళకు ఎండ సలహా సరిపోదు, డాక్టరు రాసే వేరే మందులు ఉంటాయి.

గాలి

ఎండ గురించి ఇంత మాట్లాడుకుని గాలిని మరిచిపోతాం. జాతీయ స్వచ్ఛ వాయు పథకం కింద గాలి నాణ్యత పెంచుకోవాల్సిన నగరాల జాబితాలో శ్రీకాకుళం, విజయనగరం రెండూ ఉన్నాయి. రద్దీ వేళ ఏడు రోడ్ల కూడలి మీదుగా చేసే నడకా, నాగావళి గట్టున తెల్లవారి చేసే నడకా ఒకటి కావు. అయితే కట్టెల పొయ్యి మీద వండే ఇంట్లో లోపలి గాలే బయటికంటే హీనం. అక్కడ వాకిట్లోకి రావడమే ఊపిరికి మేలు.

పలాసలో ఒకే ఇంటి రెండు రోజులు

ఒక ఇల్లు ఊహించుకుందాం. భర్త జీడితోటలో పిక్కలు ఏరతాడు. పంట చేతికొచ్చేది ఎండాకాలంలోనే, మార్చి నుంచి మే దాకా. భార్య జీడిపప్పు పరిశ్రమలో పీలింగ్‌కు వెళుతుంది. రేకుల షెడ్డులో కింద కూర్చుని, పప్పు మీద పొట్టు గోటితోనూ చిన్న కత్తితోనూ గీరుతూ సాయంత్రం దాకా ఉంటుంది. ఆయనకు ఎండ ఎక్కువైంది, ఆవిడకు అసలు లేదు. ఆయనకు మధ్యాహ్నం నీడ, అరగంటకోసారి నీళ్ళు, చోడి (రాగి) అంబలి కావాలి. ఆవిడకు డిసెంబరులో భోజనాల వేళ షెడ్డు బయట, మే నెలలో తొమ్మిదింటికి పనిలోకి వెళ్ళేముందు వాకిట్లో కాసేపు చేతులూ ముఖమూ ఎండకు చూపే వీలు కావాలి. ఒకే ఇంట్లో ఒకరికి మందు ఇంకొకరికి విషం. ఆ షెడ్డులో కూడా వేడికి తక్కువేం లేదు, రేకు కింద ఉడుకుతుంది. ఎండ లాభం లేకుండా వేడి నష్టం మాత్రం ఆవిడా పడుతుంది.

ఏ వేళ బయట ఉండాలో తెలిసినా, ఆ వేళ వీళ్ళ చేతిలో ఉండదు. ఉపాధి హామీ పని జరిగేచోట తాగునీరు, నీడ, ప్రథమ చికిత్స పెట్టె ఉండాలని 2005 నాటి చట్టంలోనే రాశారు. ఎండాకాలంలో ఆ పనులు తెల్లవారే మొదలుపెట్టి పొద్దెక్కేలోపు ముగించుకునే అలవాటూ ఉంది. తోటకో షెడ్డుకో దినకూలీకి వెళ్ళేవాళ్ళకు మాత్రం పని ఎప్పుడు మొదలవ్వాలి, ఎప్పుడు ఆగాలి, నీళ్ళు ఎంత దూరంలో ఉండాలి అన్నవి ఇప్పటికీ పని ఇచ్చేవారి ఇష్టం మీదే నడుస్తున్నాయి.